బీపీ ఆలస్యంగా చెప్పే సంగతి

బైకు మీదనుంచి పడ్డ పాతికేళ్ల యువకుడికి బీపీ 120/80 ఉందని తెలిస్తే ఇంటివాళ్ల ప్రాణం కుదుటపడుతుంది. అత్యవసర వైద్యులు మాత్రం అంత తేలిగ్గా నమ్మరు. పెద్దవారి ఒంట్లో దాదాపు 5 లీటర్ల రక్తం ఉంటుంది. పొట్టలో ఎడమవైపు పక్కటెముకల కింద ఉండే ప్లీహం చిట్లి లీటరు దాకా కడుపులోకే కారిపోయినా, ఆరోగ్యవంతుడిలో ఆ అంకె పెద్దగా కదలకపోవచ్చు. గుండె వేగం పెంచుతుంది. చర్మానికి, పేగులకు వెళ్లే రక్తనాళాలు బిగుసుకుంటాయి. ఉన్న రక్తం మెదడుకూ గుండెకూ మళ్లుతుంది. నష్టం సుమారు 30 శాతం దాటి, ఈ సర్దుబాటు ఇక సాగనప్పుడే బీపీ పడిపోతుంది.

అందుకే అనుభవజ్ఞుల చేయి ముందు మణికట్టు మీదికి వెళుతుంది. నాడి 100 దాటిందా? ఒళ్లు చల్లబడి చెమట పట్టిందా? గోరును కాసేపు నొక్కి వదిలితే, తెల్లబడ్డ చోటికి 2 సెకన్లలో రంగు తిరిగి రావాలి. (చలిలో ఎలాగూ ఆలస్యమవుతుంది, అది వేరే సంగతి.) అన్నిటికన్నా చులకనైపోయింది శ్వాస లెక్క. పెద్దవారిలో నిమిషానికి 12 నుంచి 20 సార్లు మామూలు. ఛాతీ కదలికను గడియారం పెట్టుకుని చూడాలి కాబట్టి, లెక్కించకుండానే కాగితం మీద 18 అనో 20 అనో రాసేయడం కద్దు. నా దృష్టిలో ఇది క్షమించరాని బద్ధకం. రక్తం తగ్గినప్పుడు బీపీ కన్నా ముందే ఎగశ్వాస మొదలవుతుంది.

పరీక్షకు ఒక వరస ఉంది. ధారగా కారే రక్తాన్ని అదిమి ఆపడం, గాలి దారి, శ్వాస, రక్తప్రసరణ, స్పృహ, ఆ తర్వాత బట్టలు తొలగించి ఒళ్లంతా చూడడం. ఈ పద్ధతి వ్యాప్తి వెనుక ఒక విషాదముంది. 1976లో అమెరికాలోని నెబ్రాస్కాలో జేమ్స్ స్టైనర్ అనే ఎముకల వైద్యుడు నడుపుతున్న చిన్న విమానం పొలంలో కూలింది. భార్య చనిపోయింది, పిల్లలు గాయపడ్డారు. దగ్గరి ఆసుపత్రిలో అందిన వైద్యం చూసి నివ్వెరపోయిన ఆయన, తోటివారితో కలిసి 1978లో తొలి శిక్షణ తరగతి నడిపించారు.

స్పృహ దగ్గర జనం తరచూ పొరబడతారు. మాట తడబడితే, తూలితే తాగాడని తేల్చేస్తారు. మధుమేహానికి ఇన్సులిన్ వాడేవారికి రక్తంలో చక్కెర పడిపోయినా ఇవే లక్షణాలు. వేలికొస నుంచి ఒక్క చుక్క తీసి చూస్తే తేలిపోతుంది.

పరిస్థితి నిలకడగా లేనివారిని అంబులెన్సులో 5 నిమిషాలకోసారి మళ్లీ పరీక్షిస్తారు. నాడి 92 నుంచి 108కి, అక్కణ్నుంచి 124కి ఎగబాకిందంటే, బీపీ ఇంకా బాగానే ఉన్నా ఆసుపత్రికి ముందుగానే ఫోను చేసి రక్తం, శస్త్రచికిత్స బృందం సిద్ధంగా ఉంచమంటారు.