పోర్టల్ నిండితే పథకం ఫలించినట్టేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

బెంగళూరులో ప్రభుత్వ పథకాల పర్యవేక్షణ, మూల్యాంకన రంగంలో పనిచేస్తున్న నాకు వారంలో కొన్ని రోజులు పథకాల వివరాలు ఎక్కించే పోర్టళ్లు, ఆ అంకెలను చూపే డ్యాష్‌బోర్డుల ముందు, మిగతా రోజులు ఆంధ్ర సరిహద్దు వైపున్న బాగేపల్లి, చింతామణి, శ్రీనివాసపురం తాలూకాల్లో గడుస్తాయి. అక్కడ ఫారంలో ప్రశ్న కన్నడంలో ఉంటుంది, తల్లి జవాబు తెలుగులో చెబుతుంది, మా నివేదిక ఇంగ్లీషులో వెళుతుంది. ఇన్ని చేతులు మారే అంకె తన అర్థాన్ని పోగొట్టుకోకుండా చూడటమే మా వృత్తి. ఆ పనిలో నాకు తరచుగా ఎదురయ్యే అపోహలను ఇక్కడ చర్చిస్తున్నాను.

అపోహ: ఎంట్రీ నూటికి నూరు శాతం పూర్తయితే ప్రభావం చూపించినట్టే.

వాస్తవం: పోర్టల్‌లో మొదట కనబడేది మనం చేసిన పని మాత్రమే. ఎన్ని శిక్షణలు జరిగాయి, ఎన్ని కిట్లు పంచారు, ఎందరు హాజరయ్యారు అన్నవి అవుట్‌పుట్‌లు; వాటి వల్ల మనుషుల జీవితంలో వచ్చిన మార్పు అవుట్‌కమ్. కేంద్ర బడ్జెట్‌లో 2017-18 నుంచి ఈ రెండింటినీ పథకాల వారీగా విడివిడిగా చూపుతున్నది అందుకే. వంద శాతం ఎంట్రీ అంటే సిబ్బంది శ్రద్ధగా పనిచేశారని అర్థం. అది గౌరవించదగిన విషయమే అయినా, బిడ్డ ఎదిగిందా లేదా అన్న ప్రశ్నకు జవాబు కాదు.

అపోహ: ప్రణాళిక ఏడాది మొదట్లో పని, రిపోర్టు ఏడాది చివర పని.

వాస్తవం: చివర ఏం చూపాలో మొదటి రోజే తేల్చుకోకపోతే చివర చూపడానికి ఏమీ ఉండదు. ఒకే మహిళ మూడు సమావేశాలకు వస్తే లబ్ధిదారులు ఒకరా, ముగ్గురా? ఈ నిర్వచనాన్ని కొలవబోయే సూచిక పక్కనే ప్రణాళికలో రాసుకోని జిల్లాల అంకెలను కూడితే, ఆ మొత్తానికి అర్థం చెప్పడం ఎవరి తరమూ కాదు. మొదలుపెట్టేటప్పుడు పరిస్థితి ఎలా ఉందో తెలిపే బేస్‌లైన్‌ను అప్పుడే కొలవకుండా తర్వాత జ్ఞాపకం మీద రాయడం కూడా ఇలాంటి నష్టమే చేస్తుంది.

అపోహ: పరికరం, యాప్ ఉంటే అంకె దానంతట అదే సరిగ్గా వస్తుంది.

వాస్తవం: దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. 2021లో వచ్చిన పోషణ్ ట్రాకర్ అనే అంగన్‌వాడీ యాప్‌లో బిడ్డ వయసు, బరువు, ఎత్తు ఎక్కిస్తే ఎదుగుదల ఏ స్థాయిలో ఉందో యాప్ లెక్కగట్టి చెబుతుంది. ఆ లెక్కలో తప్పుండదు. తప్పంతా కొలిచే క్షణంలో దొర్లుతుంది. రెండేళ్లలోపు పిల్లలను పడుకోబెట్టి పొడవు కొలవాలి, రెండేళ్లు నిండాక నిలబెట్టి ఎత్తు కొలవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం ఈ రెండింటి మధ్య తేడా 0.7 సెంటీమీటర్లు. 24 నెలల మగబిడ్డ వయసుకు తగ్గ ఎత్తు లేడని నిర్ణయించే హద్దు పడుకోబెట్టినప్పుడు 81.7 సెంటీమీటర్లు, నిలబెట్టినప్పుడు 81.0. అంటే కొలిచిన పద్ధతికీ వాడిన హద్దుకూ పొంతన లేకపోతే చాలు, బిడ్డ ఏమీ మారకుండానే ఒక గడిలోంచి ఇంకో గడిలోకి వెళ్లిపోతాడు.

బాగేపల్లి దగ్గర ఒక అంగన్‌వాడీలో నేను చూసిన దృశ్యం ఇది. పలక మీద పడుకోబెట్టగానే బిడ్డ ఏడుస్తూ మోకాళ్లు ముడుచుకున్నాడు. మొదటిసారి అలాగే కొలిచారు. తర్వాత ఆయమ్మ తలను నిటారుగా పట్టుకోగా, కార్యకర్త మోకాళ్లను మెల్లగా అదిమి, పాదాలను పలకకు ఆనించి మళ్లీ కొలిచింది. రెండు అంకెల మధ్య ఒకటిన్నర సెంటీమీటర్ల తేడా వచ్చింది. అందుకే మేము డ్యాష్‌బోర్డు తెరిచాక ముందుగా బరువుల్లో దశాంశ స్థానాన్ని చూస్తాం. సున్నా నుంచి తొమ్మిది దాకా ప్రతి అంకె సుమారుగా పదో వంతు రావాలి. ఎక్కడ చూసినా సున్నా, ఐదు మాత్రమే ఉంటే అది తూచిన బరువు కాదు, ఉజ్జాయింపుగా రాసిన బరువు.

అపోహ: పథకం తర్వాత మార్పు వచ్చింది కాబట్టి అది పథకం వల్లే వచ్చింది.

వాస్తవం: ‘తర్వాత’ అన్న మాటకూ ‘వల్ల’ అన్న మాటకూ మధ్య ఉన్న దూరమే మూల్యాంకనం. కోలారు జిల్లానే తీసుకుందాం. ఇక్కడ కృషి హొండలు అని పిలిచే పొలం కుంటలను ప్రభుత్వ సాయంతో తవ్వించారు. 2018 నుంచి బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి కోరమంగల - చల్లఘట్ట లోయ పథకం ద్వారా అక్కడి చెరువులకు మళ్లిస్తున్నారు. 2021, 2022లో వానలు విపరీతంగా కురిశాయి. ఇప్పుడు బోరుబావిలో నీటిమట్టం పెరిగితే ఆ ఘనత దేనిది? ‘కుంటల వల్ల భూగర్భ జలాలు పెరిగాయి’ అని పోర్టల్‌లో ఒక వాక్యం రాయడం సులువు. అలా రాయాలంటే అంతే వాన పడిన, ఆ చెరువులకు అంతే దూరంలో ఉన్న, కుంటలు తవ్వని గ్రామాలను ఎంచుకుని, వాటితో ప్రతి ఏడాదీ అదే నెలలో మట్టాలను పోల్చి చూడాలి. అలా పోల్చే వీలు లేనప్పుడు ‘దోహదం చేసి ఉండవచ్చు’ అని మాత్రమే రాయడం నిజాయితీ. ఆ మాట రాసినందుకు నిధులు తగ్గుతాయని భయపడేవారి బాధ నాకు తెలుసు, అయినా అలాగే రాయాలి.

అపోహ: పోర్టల్ ఉంది కాబట్టి సర్వేలు అక్కర్లేదు.

వాస్తవం: పోర్టల్ తన దగ్గరికి వచ్చినవారినే లెక్కిస్తుంది, ఇంటింటి సర్వే రానివారినీ లెక్కిస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కర్ణాటకలో ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు 2015-16లో 36.2 శాతం, 2019-21లో 35.4 శాతం. పోర్టల్ అంకె దీనితో కలవకపోతే ఒకటి అబద్ధమని కాదు. ముందు రెండింటి హారాలను, అంటే ఏ పిల్లలందరిలో ఆ శాతం లెక్కగట్టారో, పరిశీలించాలి.

అపోహ: అంకె దిగజారితే పథకం విఫలమైనట్టే.

వాస్తవం: సరిగ్గా కొలవడం నేర్పిన మరుసటి నెలలోనే అంకెలు దిగజారడం నేను ఎన్నోసార్లు చూశాను. ఎదుగుదల తగ్గినా అంతకుముందు లెక్కలో కనబడని పిల్లలు అప్పుడే కనబడతారు. అలాంటి నెలలో ఒక సూపర్‌వైజర్‌ను సమీక్షా సమావేశంలో అందరి ముందూ నిలదీశారు. తర్వాతి నెలలో ఆ సూపర్‌వైజర్ చూసే సర్కిల్‌లో అంకెలన్నీ మళ్లీ అందంగా మారిపోయాయి. ఆ అందం వెనుక ఎందరు పిల్లలు మరుగునపడ్డారోనన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు.

అపోహ: ఎంట్రీ పై అధికారుల కోసమే.

వాస్తవం: ఎక్కించిన అంకె తిరిగి ఎక్కించినవారి చేతికి రాకపోతే అది క్రమంగా పాడైపోతుంది. మేము ప్రతి కేంద్రానికీ నెలకొకసారి ఒక్క పేజీ ప్రింటు తీసి ఇస్తున్నాం. పిల్లల పేర్లున్న పేజీ కార్యకర్త దగ్గరే ఉండాలి కాబట్టి గోడకు కేంద్రంలోని పిల్లలందరి ఎదుగుదలను కలిపి చూపే గీత మాత్రమే అంటిస్తారు. ఒక ఊళ్లో దాన్ని తూకం యంత్రానికి పైన గోడ మీదే అంటించారు. కన్నడ అక్షరాలు రాని ఒక అవ్వ ప్రతి నెలా మనవడిని తెచ్చి తూకం వేయించి, ‘గీత పైకి పోయిందా అమ్మా?’ అని తెలుగులో అడిగి, జవాబు విన్నాకే కదులుతుంది.