దొరకని పక్షుల లెక్క

కాలిఫోర్నియాలో 2020 నాటికి ఉన్న సౌర విద్యుత్ కేంద్రాలన్నిట్లో కలిపి ఏడాదికి ఎన్ని పక్షులు చనిపోతున్నాయి? అప్పటిదాకా వచ్చిన నివేదికల సగటును రాష్ట్రమంతటికీ వర్తింపజేస్తే 37,546 పక్షులు, 207 గబ్బిలాలు. షాన్ స్మాల్‌వుడ్ అనే జీవావరణ శాస్త్రవేత్త ఆ లెక్కల్ని మళ్ళీ కట్టి 2022లో ప్రచురించిన సంఖ్య 2,67,732 పక్షులు, 11,418 గబ్బిలాలు. పక్షుల్లో ఏడు రెట్ల తేడా. గబ్బిలాల్లో యాభై అయిదు రెట్లు. ఎడారిలో వెతికేవాళ్ళ కంటపడిన కళేబరాలు ఎన్నో అందరికీ తెలుసు. పేచీ అంతా కంటపడనివాటి దగ్గరే. ఆ పేచీకి నలభై ఏళ్ళ చరిత్ర ఉంది.

1982లో మొహావీ ఎడారిలో, డాగెట్ ఊరి దగ్గర ‘సోలార్ వన్’ అనే 10 మెగావాట్ల కేంద్రం మొదలైంది. 1,818 అద్దాలు ఎండనంతా ఒక టవర్ కొస మీదికి మళ్ళించేవి. ఆ వేడికి ఆవిరి పుట్టి టర్బైన్ తిరిగేది. పరిశోధకులు 40 వారాలు అక్కడ వెతికితే 26 జాతులకు చెందిన 70 పక్షులు చచ్చి కనిపించాయి. 57 అద్దాలకో, కట్టడాలకో గుద్దుకున్నవి. 13 కాలినవి. జంతువులు ఎత్తుకుపోయి ఉంటాయనుకున్నవాటిని కూడా కలిపి, వారానికి సుమారు రెండు పక్షులు పోతున్నాయని తేల్చారు. పక్కనే నీటి మడుగులు, పొలాలు ఉండటం వల్లే పక్షులు అక్కడికి వస్తున్నాయనీ గమనించారు. స్థానికంగా ఇది పెద్ద నష్టమేమీ కాదంటూనే, ఇంతకంటే పెద్దవి కడితే నష్టం అదే నిష్పత్తిలో పెరుగుతుందని అనుకోవద్దని 1986లో అచ్చయిన వ్యాసంలో హెచ్చరించారు. ఆ హెచ్చరిక పాతికేళ్ళపాటు ఎవరికీ పట్టలేదు.

ఈలోగా లెక్కగట్టే విద్య గాలిమరల కింద పెరిగింది. కాలిఫోర్నియాలోని ఆల్టమాంట్ కనుమలో 1980ల నుంచీ గద్దలు, డేగలు గాలిమరల రెక్కలకు తగిలి చనిపోతుంటే, అవెన్నో తేల్చడానికి పద్ధతులు వెతుక్కోవలసి వచ్చింది. 2003లో వెస్ట్ వర్జీనియాలోని మౌంటెనీర్ కేంద్రంలో 44 గాలిమరల కింద 400కి పైగా గబ్బిలాలు దొరికాక, ఇది పక్షుల సంగతి మాత్రమే కాదని అర్థమైంది.

పద్ధతి వినడానికి తేలికే. ముందుగా ఒకరు వెళ్ళి చచ్చిన కౌజుపిట్టల్ని, చిన్న పిట్టల్ని ఎక్కడెక్కడ పెట్టిందీ రాసుకుని వదిలి వస్తారు. గబ్బిలాలు దొరక్కపోతే వాటికి బదులు చచ్చిన ఎలుకపిల్లలు. వెతికేవాళ్ళకు ఈ సంగతి చెప్పరు. రోజూలాగే వాళ్ళు వరసల వెంట నడుస్తారు. పెట్టినవాటిలో ఎన్ని చూశారో అది వాళ్ళ చూపుకి పరీక్ష. ఇంకొన్నిటిని వదిలేసి, కాకులు, నక్కలు, చీమలు వాటిని ఎన్నాళ్ళు ఉండనిచ్చాయో చూస్తారు, కొన్నిచోట్ల కెమెరా పెట్టి మరీ. ఇక భాగహారమే. దొరికినవి 6 అనుకుందాం. వెతికే రోజుదాకా సగం కళేబరాలే మిగులుతాయి, మిగిలినవాటిలో సగమే కంటపడతాయి అనుకుంటే, చనిపోయినవి 24. మిగిలేవి సగం కాదు, అయిదో వంతే అనుకుంటే అవే 6 కళేబరాలు 60 అవుతాయి. పదిహేను రోజులకోసారి వెతికే చోట ఆ ‘సగమా, అయిదో వంతా’ అన్నది చిన్న విషయం కాదు. దొరికింది సున్నా అయితే మరీ చిక్కు. సున్నాను దేనితో భాగించినా సున్నాయే. కానీ ఏమీ దొరకలేదంటే ఏమీ చావలేదని కాదు. అరుదైన జాతుల విషయంలో దీన్ని ఎలా తేల్చాలన్నదానికి అమెరికా భూగర్భ సర్వే శాస్త్రవేత్తలు విడిగా ఒక పద్ధతే తయారు చేయవలసి వచ్చింది.

పెద్ద సౌర టవర్లు ఇక్కడ కథలోకి వస్తాయి. లాస్ ఏంజెలెస్ నుంచి లాస్ వేగాస్‌కి కారులో వెళ్ళిన మనవాళ్ళు చాలామంది రాష్ట్ర సరిహద్దు దగ్గర, కళ్ళు చెదిరే కొసలున్న మూడు టవర్లను చూసే ఉంటారు. అదే ఐవన్‌పా. 2014 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. 140 మీటర్ల టవర్లు, మూడున్నర వేల ఎకరాలు, దాదాపు 3,47,000 అద్దాలు. టవర్ చుట్టూ గాల్లో ఎగిరే పిట్ట ఈకలు ఆ వేడికి పొగలు కక్కుతూ కింద పడుతుంటే అక్కడి సిబ్బంది వాటికి ‘స్ట్రీమర్లు’ అని పేరు పెట్టారు. రెండు నిమిషాలకొకటి చొప్పున కనిపించాయని ఫెడరల్ అధికారులు చెప్పిన మాట ఆ ఆగస్టులో పత్రికలకు ఎక్కింది. వాటిలో చాలావరకు పురుగులేనని కంపెనీ పక్షం వాదన. ఏడాదికి వెయ్యి అని కంపెనీ వైపు నుంచి, 28,000 అని పర్యావరణవాదుల తరఫు నిపుణుడి నుంచి అంచనాలు వచ్చాయి. ఏడాది పాటు పద్ధతి ప్రకారం వెతికి, సవరణలు చేసి చూస్తే సుమారు 3,500 తేలింది. ఆ 3,500లో సగానికి పైగా ఎందుకు చనిపోయాయో తెలియనివి. పేపర్లలో మాత్రం 28,000 నిలిచిపోయింది.

ఆ గొడవలో కాస్త నిదానంగా మాట్లాడింది ఆరెగన్‌లోని ఆష్లండ్‌లో ఉన్న వన్యప్రాణి ఫోరెన్సిక్ ప్రయోగశాల. మూడు రకాల కేంద్రాల నుంచి వచ్చిన 233 కళేబరాలను అక్కడ ఒక్కొక్కటిగా విప్పి చూశారు. 71 జాతులు. ఐవన్‌పా నుంచి వచ్చిన 141లో 47 వేడికి దెబ్బతిన్నవి. ఈకల కొసలు వంకర తిరిగితే ఒక స్థాయి, రెక్క ఈకల్లో సగానికి మించి చెడితే రెండో స్థాయి, నల్లగా మాడితే మూడోది అని విభజించారు. ఆకాశంలోనే భస్మమైపోతాయన్న కథనానికి ఇది భిన్నం. చాలావాటికి ఈకలు చెడి ఎగరలేక నేలను గుద్దుకోవడమో, నేలమీద మరో జంతువు నోట పడటమో జరిగింది.

ఇంకో చిక్కును కూడా ఆ నివేదికే బయటపెట్టింది. టవర్ గానీ అద్దం గానీ లేని, మామూలు ప్యానెళ్ళు పరిచిన ‘డెజర్ట్ సన్‌లైట్’ కేంద్రంలో నీటిపక్షులు చచ్చి కనిపించాయి. ఎడారి మధ్యలో గ్రీబ్ అనే నీటిపక్షి ఎందుకుంటుంది? మైళ్ళ పొడవున మెరిసే ప్యానెళ్ళను చెరువనుకుని దిగుతున్నాయేమోనన్న ఊహ అక్కడ పుట్టింది. గ్రీబ్ కాళ్ళు శరీరానికి బాగా వెనక ఉంటాయి. నీటిమీద పరుగు తీస్తే తప్ప గాల్లోకి లేవలేదు. గట్టి నేలమీద దిగిందంటే ఒంటిమీద గాయం లేకపోయినా దాని పని అయిపోయినట్టే. 2013లో అదే కేంద్రంలో యూమా రెయిల్ అనే చిత్తడినేలల పక్షి ఒకటి చచ్చి దొరికింది. అమెరికాలో అవి అప్పటికి వెయ్యి కూడా లేవు. పిల్లులు ఏటా కోట్ల పక్షుల్ని చంపుతున్నాయి, సోలార్‌ది ఓ లెక్కా అనే వాదన తరచూ వినిపిస్తుంది. అమెరికాలో పిల్లుల ఖాతాలో ఏడాదికి 130 నుంచి 400 కోట్ల పక్షులున్న మాట నిజమే. ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల 2016లో దేశంలోని పెద్ద సౌర కేంద్రాలన్నిటికీ వేసిన అంచనా 37,800 నుంచి 1,38,600 మాత్రమే. కానీ వెయ్యి కూడా లేని జాతికి ఈ పోలిక ఏ విధంగానూ అక్కరకు రాదు.

ప్యానెళ్ళ కింద వెతికేవాళ్ళకు ఎక్కువగా కనిపించేది పక్షి కాదు, గుప్పెడు ఈకలు. 2020లో కాలిఫోర్నియా, నెవాడాల్లోని 10 కేంద్రాల సమాచారాన్ని ఒకచోట చేర్చి చూసినప్పుడు సగానికి పైగా అవశేషాలు ఇవే. ప్యానెల్‌ని గుద్దుకుని చచ్చిన గువ్వను నక్క తిన్నదా, బతికున్న గువ్వనే డేగ పట్టి ఆ నీడలో కూర్చుని తిన్నదా? ఈకలు చెప్పవు. అన్నిటినీ కేంద్రం ఖాతాలో వేస్తే అన్యాయమంటారు కంపెనీలవాళ్ళు. ప్యానెళ్ళు లేని పక్క ఎడారిలో కూడా వెతికి, అక్కడ సహజంగా పోయేవాటిని తీసేయాలన్నది వాళ్ళు అడిగే సవరణ. నాకది న్యాయంగానే తోస్తుంది, రెండు చోట్లా ఒకే శ్రద్ధతో వెతికితే.

గబ్బిలాల దగ్గర మాత్రం లెక్క చేతికే చిక్కదు. పది పదిహేను గ్రాముల గోధుమరంగు ప్రాణి, మట్టిలో కలిసిపోతుంది. ఈకల్లాంటి ఆనవాలు మిగలదు. ఆల్టమాంట్‌లో గాలిమరల కింద పెట్టి చూసిన పరీక్షల్లో మనుషులు కనిపెట్టిన గబ్బిలాలు 6 శాతం, శిక్షణ పొందిన కుక్కలు కనిపెట్టినవి 96 శాతం. అంతకుముందు మనుషులతో చేయించిన లెక్కలన్నిటినీ ఈ ఒక్క ఫలితం అనుమానంలో పడేసింది. నున్నగా, పడుకోబెట్టినట్టు ఉన్న తలం ఏదైనా గబ్బిలానికి శబ్దం ద్వారా నీరులాగే తోస్తుందని 2010లో జర్మనీ పరిశోధకులు గదిలో చేసిన ప్రయోగాల్లో చూపించారు. అవి ఉత్త పలకల మీదికి వంగి నీళ్ళు తాగబోయాయి. ప్యానెళ్ళ దగ్గర ఇది ఎంతవరకు ప్రాణాల మీదికి తెస్తుందన్నది ఇంకా తేలవలసి ఉంది.

2018లో అమెరికా భూగర్భ సర్వే ‘జెన్‌ఎస్ట్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ విడుదల చేసింది. తలా ఒక సూత్రంతో లెక్కగట్టి కొట్టుకునే పరిస్థితి దాంతో కొంత తగ్గింది. ఇది ఒక్క సంఖ్య చెప్పి ఊరుకోదు, ఇంత నుంచి ఇంత అని హద్దులు చూపిస్తుంది. ఎన్నాళ్ళకోసారి, ఎంత మేర, ఎవరితో వెతికించాలన్నది మాత్రం కేంద్రం నడిపేవాళ్ళు, అనుమతిచ్చేవాళ్ళు తేల్చుకోవాలి.

మన దగ్గర ఈ ప్రశ్న కరెంటు తీగల రూపంలో వచ్చింది. రాజస్థాన్ థార్ ఎడారిలో 4,200 చదరపు కిలోమీటర్లలో తీగలకు తగిలి ఏటా 84,000 పక్షులు చనిపోతున్నాయని భారత వన్యప్రాణి సంస్థ అంచనా వేసింది. అదీ ఇలాగే తీగల కింద నడిచి, కళేబరాలు ఏరి, సవరణలు చేసి తెచ్చిన లెక్కే. బట్టమేక పక్షిని కాపాడటానికి తీగల్ని భూమిలో వేయాలని 2021లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2024లో ఆ ఆదేశాన్ని సడలించి నిపుణుల కమిటీ వేసింది. ప్యానెళ్ళ కింద మాత్రం ఎవరైనా వెతికి తీరాలన్న నిబంధన రాలేదు. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ పరిధిలోకి సోలార్ ప్యానెళ్ళ ప్రాజెక్టులు రావు. బట్టమేక కోసమే 1988లో ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పడిన రోళ్ళపాడు అభయారణ్యానికి, దాదాపు ఆరు వేల ఎకరాల్లో వెయ్యి మెగావాట్లతో 2017లో పూర్తయిన గని–శకునాల సోలార్ పార్కుకి మధ్య పెద్ద దూరమేం లేదు. ఆ పార్కుకీ అదే మినహాయింపు.