ఆరోగ్యం కోసం ఇచ్చిన సమాచారం ఎక్కడిదాకా పోతుంది?

కరోనా రోజుల్లో, జబ్బున్నవాళ్ల దగ్గరికి వెళ్లామేమో చెప్పే ట్రేసింగ్ యాప్ ఫోన్లో పెట్టుకోవాలా వద్దా అని ప్రతి ఇంట్లోనూ వాదన జరిగింది. దాచడానికి నా దగ్గర ఏముందని ఒకరంటే, రేపు ఆ వివరాలు ఎవరి చేతిలో పడతాయోనని ఇంకొకరు. ఈ తగాదా ఫోన్ల కంటే చాలా పాతది.

రోగి చెప్పింది డాక్టరు బయటపెట్టకూడదన్న నియమం ప్రాచీన గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ పేరిట డాక్టర్లు చేసే ప్రమాణంలోనే ఉంది. అంటువ్యాధుల దగ్గర ఆ నియమానికి మినహాయింపు కావాల్సి వచ్చింది. 1897లో న్యూయార్క్ నగర ఆరోగ్య శాఖలో హెర్మన్ బిగ్స్ పట్టుబట్టి, క్షయ రోగుల పేర్లు డాక్టర్లు తప్పకుండా తెలపాలన్న నిబంధన తెచ్చాడు. చాలామంది డాక్టర్లు ఎదురు తిరిగారు. క్షయ అని నలుగురికీ తెలిస్తే ఆ మనిషి బతుకుతెరువే పోయే కాలం అది. బిగ్స్ వాదనలోనూ న్యాయం ఉంది: రోగి ఎక్కడున్నాడో తెలియకుండా జబ్బును ఆపేదెలా?

1985లో హెచ్‌ఐవీ పరీక్ష వచ్చినప్పుడు అదే భయం ఇంకా పెద్దదై తిరిగొచ్చింది. పేరు రాసుకుంటారంటే చాలామంది పరీక్షకే రారు. అందుకే అమెరికాలో పేరు అడగని పరీక్షా కేంద్రాలు తెరిచారు. వచ్చిన మనిషికి ఒక నంబరు ఇస్తారు, ఫలితం ఆ నంబరు మీదే చెబుతారు. నాకు ఈ చరిత్ర మొత్తంలో బాగా నచ్చేది ఈ చిన్న ఏర్పాటే. మనిషి భయాన్ని తప్పుపట్టకుండా, ఆ భయంతోనే లోపలికి వచ్చే దారి చూపించింది.

2020 ఏప్రిల్‌లో ట్రేసింగ్ యాప్‌ల కోసం యాపిల్, గూగుల్ కలిసి ప్రకటించిన పద్ధతిలో అదే ఆలోచన కనిపిస్తుంది. ఫోన్ బ్లూటూత్‌లో ఒక అంకెల వరసను పంపుతుంది, కొన్ని నిమిషాలకోసారి దాన్ని మార్చేస్తుంది. దగ్గర్లోని ఫోన్లు వాటిని తమలోనే దాచుకుంటాయి. ఎవరికైనా జబ్బు తేలి, వాళ్లు ఒప్పుకుంటేనే, వాళ్ల ఫోన్ ఆ అంకెల్ని తయారుచేయడానికి వాడిన రహస్య సంకేతాలు సర్వర్‌కు చేరతాయి. మిగతా ఫోన్లు ఆ సంకేతాల్ని తెచ్చుకుని, వాటి నుంచి వచ్చే అంకెల్ని తమ దగ్గరున్న అంకెలతో పోల్చుకుంటాయి. ఎవరు ఎవరిని కలిశారన్న జాబితా ప్రభుత్వం దగ్గర తయారే కాదు.

అన్ని దేశాలూ ఈ దారి పట్టలేదు. నార్వే యాప్ లొకేషన్ కూడా తీసుకుంటుండటంతో అక్కడి డేటా రక్షణ సంస్థ అభ్యంతరం చెప్పింది. 2020 జూన్‌లో దాన్ని ఆపేసి, సేకరించిన సమాచారం చెరిపేశారు.

సింగపూర్‌లో జరిగింది ఇంకా బాధాకరం. 2020 మార్చిలో ట్రేస్‌టుగెదర్ అనే ట్రేసింగ్ యాప్ తెచ్చినప్పుడు, ఆ సమాచారం జబ్బు జాడ తీయడానికే వాడతామని ప్రభుత్వం చెప్పింది. జనం నమ్మారు, ఎక్కువమంది చేరారు. 2021 జనవరిలో పార్లమెంటులో అసలు సంగతి తెలిసింది: నేర విచారణ చట్టం కింద పోలీసులు దాన్ని అడిగి తీసుకోవచ్చు. అప్పటికే ఒక హత్య కేసులో తీసుకున్నారు కూడా. హంతకుణ్ణి పట్టుకోవద్దని ఎవరూ అనలేదు. జనం కోపమంతా ముందు ఒకటి చెప్పి తర్వాత ఇంకొకటి చేశారనే. మరుసటి నెలే చట్టం తెచ్చి, ఏడు రకాల తీవ్ర నేరాలకే పోలీసుల వాడకాన్ని పరిమితం చేశారు.

2023లో ఆ కార్యక్రమం ముగించినప్పుడు, మనుషుల్ని గుర్తుపట్టగల సమాచారం చెరిపేశామని ఆరోగ్య శాఖ ప్రకటించింది. ఆ ఒక్క హత్య కేసుకు సంబంధించింది మాత్రం ఉంచుకున్నారు.