తాళం వేసిన బీరువాలో ఆకుపచ్చ లైటు

పోయిన ఏడాది ఒక మాల్‌లో ఎస్కలేటర్ పక్కన గోడ మీద ఆకుపచ్చ స్టిక్కర్ కనిపించింది. తెల్లటి గుండె బొమ్మ, మధ్యలో మెరుపు గీత, కింద ‘ఏఈడీ’ అని అక్షరాలు. పూర్తి పేరు ఆటోమేటెడ్ ఎక్స్‌టర్నల్ డీఫిబ్రిలేటర్. గుండె హఠాత్తుగా ఆగిపోయినవాళ్లకి, డాక్టర్లు కానివాళ్లు కూడా కరెంట్ షాక్ ఇచ్చి కాపాడగలిగేలా తయారుచేసిన చిన్న మెషిన్ అది. స్టిక్కరైతే ఉంది కానీ దాని దగ్గర మెషిన్ లేదు. సెక్యూరిటీ కుర్రాణ్ణి అడిగాను. “అదా సార్, పైన ఆఫీసులో ఉంటది” అని మూడో అంతస్తుకి తీసుకెళ్లాడు. అక్కడ అద్దాల బీరువాలో ఎర్ర సంచీ, దాని మీద మిణుకుమిణుకుమంటున్న ఆకుపచ్చ లైటు. బీరువాకి తాళం. తాళంచెవి మేనేజర్ దగ్గర. మేనేజర్ భోజనానికి వెళ్లారు.

“ఎవరన్నా ఎత్తుకుపోతారని సార్” అన్నాడు కుర్రాడు. అతని తప్పేం లేదు. గడియారం చూసుకున్నాను. అడిగిన దగ్గర్నుంచి ఆ బీరువా ముందు నిలబడేదాకా 6 నిమిషాలు పట్టింది.

ఆ 6 నిమిషాలు ఎంత విలువైనవో అర్థం కావాలంటే ముందు ఒక తికమక తీరాలి. గుండెపోటు వేరు, గుండె ఆగిపోవడం వేరు. గుండెపోటులో రక్తనాళం పూడుకుపోతుంది. మనిషి సాధారణంగా స్పృహలోనే ఉంటాడు. చెమటలు పడుతుంటాయి, ఛాతీ పట్టుకుని “గ్యాస్ పట్టేసినట్టుంది” అంటాడు. అతన్ని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గుండె ఆగిపోవడం, అంటే కార్డియాక్ అరెస్ట్, పైపుల సమస్య కాదు, కరెంటు సమస్య. మాట్లాడుతూ మాట్లాడుతూనే మనిషి కుప్పకూలిపోతాడు. పిలిస్తే పలకడు, మామూలుగా ఊపిరి ఉండదు. గుండెపోటు ముదిరి ఇలా మారొచ్చు, వేరే కారణాలతోనూ రావొచ్చు.

గుండె కుడివైపు పై గదిలో కొన్ని కణాలున్నాయి. అవి నిమిషానికి 60 నుంచి 100 సార్లు చిన్న విద్యుత్ సంకేతం పంపుతాయి. దాన్ని అందుకుని గుండె కండరమంతా ఒకే లయలో ముడుచుకుంటుంది. దీన్ని కోలాటంతో పోల్చొచ్చు. గురువు ఈల వేస్తాడు, అందరి కర్రలూ ఒక్కసారే తగులుతాయి. వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అనే స్థితిలో ఎవరి కర్ర వాళ్లదే. గుండె కింది గదుల్లోని కండరం కదులుతూనే ఉంటుంది కానీ వణుకుతుందంతే, రక్తం ముందుకి పోదు. షాక్ ఇస్తే ఆ కర్రలన్నీ ఒక్క క్షణం ఆగిపోతాయి. ఆ నిశ్శబ్దంలో గురువు ఈల మళ్లీ వినిపించి ఆట మొదలవుతుంది. అంటే షాక్ ఆగిన గుండెని తన్ని లేపదు, గందరగోళాన్ని ఆపుతుంది. సినిమాల్లో తెర మీద సరళరేఖ రాగానే షాక్ ఇచ్చేస్తుంటారు. ఏఈడీ ఆ పని చేయదు. సంకేతమే లేనప్పుడు ఆపడానికి ఏమీ ఉండదు కాబట్టి, షాక్ వద్దు, సీపీఆర్ (ఛాతీని చేతులతో లయగా నొక్కడం) చేయండి అని చెబుతుంది.

పెద్దవాళ్లకి ఇచ్చే షాక్ శక్తి సుమారు 200 జౌళ్లు. 20 లీటర్ల వాటర్ క్యాన్‌ని నేల మీంచి ఒక మీటరు ఎత్తుకి లేపడానికి పట్టే శక్తి దాదాపు అంతే. దాన్ని కొన్ని మిల్లీసెకన్లలో ఛాతీలోంచి పంపిస్తారు, కిటుకంతా అందులోనే ఉంది.

1947లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో సర్జన్ క్లాడ్ బెక్, ఆపరేషన్ టేబుల్ మీద గుండె వణుకులో పడిన 14 ఏళ్ల అబ్బాయికి నేరుగా గుండె మీదే షాక్ ఇచ్చి బతికించారు. 1965లో బెల్‌ఫాస్ట్ వైద్యుడు ఫ్రాంక్ పాంట్రిడ్జ్ కారు బ్యాటరీలతో నడిచే డీఫిబ్రిలేటర్‌ని అంబులెన్స్ ఎక్కించారు. దాని బరువు 70 కిలోలు. మెషిన్ ఆసుపత్రిలో కూర్చుంటే లాభం లేదు, రోగి దగ్గరికే వెళ్లాలి అన్నది ఆయన వాదన. మన దగ్గర 108 అంబులెన్సులు 2005 ఆగస్టు 15న మొదలై ఎన్నో ప్రాణాలు కాపాడాయి. కానీ హైదరాబాద్ ట్రాఫిక్‌లో అంబులెన్స్ పది నిమిషాల్లో వచ్చిందంటే తొందరగా వచ్చినట్టే. గుండె వణుకులో పడ్డాక, ఎవరూ సీపీఆర్ చేయకపోతే, గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. అందుకే మెషిన్ అంబులెన్స్ కన్నా ముందే అక్కడ ఉండాలి.

ఇది కేవలం ఆశ కాదు, రుజువైన విషయం. అమెరికా క్యాసినోల్లో సెక్యూరిటీ గార్డులకి ఏఈడీ వాడటం నేర్పించి, ఫలితాలని 2000లో ప్రచురించారు. క్యాసినోల్లో ఎటు చూసినా కెమెరాలే, ఎవరు పడిపోయినా వెంటనే తెలుస్తుంది. వణుకు స్థితిలో దొరికిన 105 మందిలో 53 శాతం బతికి ఇంటికి వెళ్లారు. పడిపోతుండగా ఎవరో ఒకరు చూసి, 3 నిమిషాల లోపే షాక్ అందినవాళ్లలో అయితే 74 శాతం. మూడు నిమిషాలు దాటితే 49 శాతానికి పడిపోయింది. ఈ షాకులిచ్చినవాళ్లు డాక్టర్లు కాదు, మాల్‌లో నన్ను మూడో అంతస్తుకి తీసుకెళ్లిన కుర్రాడిలాంటి గార్డులు.

షికాగో విమానాశ్రయాల్లో ఇంకో అడుగు ముందుకేశారు. నిమిషం, నిమిషంన్నర నడకలో ఒకటి చొప్పున, అందరికీ కనిపించేలా గోడలకి ఏఈడీలు తగిలించారు. రెండేళ్లలో వణుకు స్థితిలో దొరికినవాళ్లు 18 మంది, వాళ్లలో 11 మంది గుండె మళ్లీ దారిలో పడింది. ఆ 11 మందిలో ఆరుగురిని కాపాడినవాళ్లకి ఏఈడీ వాడిన అనుభవం గానీ శిక్షణ గానీ లేవు. వాళ్లలో ముగ్గురికి వైద్య పట్టాలున్నాయన్నదీ నిజమే, మిగతావాళ్లు మామూలు మనుషులు.

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో శిక్షణ పెట్టినప్పుడు ఆ మెషిన్‌ని దగ్గర్నుంచి చూశాను. టిఫిన్ క్యారియర్ అంత డబ్బా. మూత తెరవగానే ఇంగ్లీషులో మాట్లాడటం మొదలుపెట్టింది. మా వాచ్‌మన్‌కి ఇంగ్లీషు రాదు. అతను ఆ మాటలు పట్టించుకోకుండా, ఛాతీకి అంటించే ప్యాడ్ల మీద బొమ్మలు చూశాడు. ఒకటి కుడివైపు కాలర్ బోన్ కింద, ఇంకొకటి ఎడమ చంక కిందుగా పక్కటెముకల మీద. శిక్షణ బొమ్మకి సరిగ్గా అలాగే అంటించాడు. గుండె లయని మెషినే చదువుకుంది. బటన్ వెలిగింది. అతను చేయి అడ్డం చాపి, అందరూ వెనక్కి జరిగారా లేదా అని చుట్టూ చూసి అప్పుడు నొక్కాడు. షాక్ అవసరం లేకపోతే బటన్ నొక్కినా మెషిన్ షాక్ ఇవ్వదు. ఈ ఒక్క మాట తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. 1999లో సియాటిల్‌లో ఆరో తరగతి పిల్లలకి శిక్షణ మెషిన్ ఇచ్చి చూస్తే, బొమ్మకి షాక్ ఇవ్వడానికి సగటున 90 సెకన్లు తీసుకున్నట్లు తేలింది. అంబులెన్స్ సిబ్బందికి 67 సెకన్లు పట్టింది.

నన్ను బాధపెట్టేది ఆ తొలి నిమిషాల్లో మనం చేసే పనులు. మనిషి పడిపోగానే ఫిట్స్ అనుకుని చేతిలో తాళాల గుత్తి పెడతాం, మొహం మీద నీళ్లు కొడతాం, నోట్లో సోడా పోస్తాం. గుండె ఆగిన మొదటి క్షణాల్లో ఒళ్లు కొట్టుకోవచ్చు. గురక పెట్టినట్టు అప్పుడొకటి అప్పుడొకటి ఎగశ్వాస రావొచ్చు. దాన్ని చూసి “ఊపిరి ఆడుతోంది, పర్లేదు” అనుకుంటే అంతే సంగతులు. పలకడం లేదు, ఊపిరి మామూలుగా లేదు అంటే గుండె ఆగిందనే లెక్క. ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఒకరు ఏఈడీ కోసం పరుగెత్తాలి, ఒకరు ఛాతీ మధ్యలో రెండు చేతులూ ఆనించి నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతుకి తగ్గకుండా నొక్కాలి. మెదడుకి రక్తం అందేది ఆ చేతుల వల్లే. మెషిన్ వచ్చాక కూడా, అది లయ చూసుకునేటప్పుడూ షాక్ ఇచ్చేటప్పుడూ తప్ప ఆపకూడదు.

పడిపోయింది ఆడమనిషి అయితే చుట్టూ ఉన్నవాళ్లు చేయి వేయడానికి జంకుతారు. చాలా దేశాల్లో ఇదే జరుగుతోందని అధ్యయనాలు చెబుతున్నాయి. ప్యాడ్లు చర్మానికే అంటాలి. జాకెట్ కత్తిరించాల్సి వస్తే కత్తిరించాలి, చీర కొంగో దుప్పటో అడ్డం పట్టుకోవడానికి పక్కన మనుషులుంటారు. మర్యాద పేరుతో ఒక ప్రాణం పోవడం నేను ఒప్పుకోలేను.

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఆరాంఘర్ చౌరస్తాలో బస్సు దిగి పడిపోయిన యువకుడికి ట్రాఫిక్ కానిస్టేబుల్ ఒకరు సీపీఆర్ చేసిన వీడియో చాలామంది చూసే ఉంటారు. ఆ మార్చిలోనే తెలంగాణ ప్రభుత్వం క్షేత్రస్థాయి సిబ్బందికి సీపీఆర్ శిక్షణ మొదలుపెట్టింది. చట్టం మాత్రం ఇంకా స్పష్టంగా మాట్లాడాలి. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన సాయం చేసేవాళ్ల రక్షణ రోడ్డు ప్రమాదాల వరకే. ప్లాట్‌ఫాం మీద గుండె ఆగినవాళ్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చునే మనిషికి కూడా అంత సూటి రక్షణ రాసిపెట్టాలి.

ఇక మెషిన్ ఎక్కడ ఉండాలన్నది. మాల్‌కీ ఎయిర్‌పోర్టుకీ మంచిదే కానీ, ఎక్కువమందికి గుండె ఆగేది ఇంట్లోనే. సింగపూర్ ఈ సంగతి గ్రహించి 2015 నుంచి ప్రభుత్వ ఇళ్ల సముదాయాల్లో రెండు బ్లాకులకి ఒకటి చొప్పున లిఫ్ట్ లాబీల్లో ఏఈడీలు పెట్టింది. మరోవైపు కోపెన్‌హాగన్‌లో నమోదైన ఏఈడీలని లెక్క తీస్తే, 24 గంటలూ అందుబాటులో ఉన్నవి పదింట ఒకటి కూడా లేవని 2013లో బయటపడింది. మిగతావన్నీ ఆఫీసు తలుపుల వెనకే ఉన్నాయి, ఆ మాల్ బీరువాలో ఉన్నట్టే.

మా అసోసియేషన్ మీటింగ్‌లో డబ్బు దగ్గర పెద్ద వాదన జరగలేదు. మోడల్‌ని బట్టి లక్షకి అటూ ఇటూ అవుతుంది, ఇంటింటికీ పంచుకుంటే తేలికే. ఎక్కడ పెట్టాలన్న దగ్గరే గంట పట్టింది. చాలామంది అసోసియేషన్ రూములో పెడదామన్నారు, అయితే దొంగల భయం ఉండదని. గుమ్మంలో నిలబడి వింటున్న వాచ్‌మన్ “రాత్రి ఏడింటికి ఆ రూముకి తాళం ఏస్తాం కద సార్” అన్నాడు.

ఇప్పుడది గ్రౌండ్ ఫ్లోర్‌లో లిఫ్ట్ పక్కన, నోటీసు బోర్డు కింద ఉంది. డబ్బాకి తాళం లేదు, తెరిస్తే అలారం మోగుతుంది. ప్యాడ్లు ఎప్పుడు మార్చాలో ఆ తేదీని మూత మీద మార్కర్‌తో పెద్దగా రాశాం. పొద్దున్నే మోటార్ వేసి వస్తూ వాచ్‌మన్ ఆకుపచ్చ లైటు చూసి రిజిస్టర్‌లో టిక్కు పెడతాడు.