ఆనకట్ట కట్టాక చేపలు ఏమవుతాయి: అపోహలు - వాస్తవాలు

చేపల పని మీద నాగావళి, వంశధార గట్లంట తిరుగుతుంటాను, శ్రీకాకుళంలో ఎక్కడికెళ్ళినా ఇవే మాటలు వినబడుతున్నాయి, అందుకే రాస్తున్నా.

అపోహ: పరిణామం, అంటే తరతరాలకీ జీవుల జాతి మారడం, లక్షల ఏళ్ళ పని, మనకి కనబడదు.

కాదండీ. ఈసారి బజార్లో బొచ్చె కోయించుకున్నప్పుడు మొప్ప పారేయకుండా ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి, ఎర్రటి మొప్పకి లోపలివైపు పేల దువ్వెన పళ్ళలాగ సన్నగా, దగ్గరదగ్గరగా ఉంటాయి. నీళ్ళలో తేలే సన్న పురుగుల్ని బొచ్చె వాటితోనే వడకట్టుకుంటుంది. అమెరికాలో కనెక్టికట్ అనే చోట ఏల్‌వైఫ్ అని ఒక చేప ఉంది, సముద్రంలో బతికి గుడ్లు పెట్టడానికి మాత్రం ఏరెక్కి చెరువుల్లోకొస్తుంది. సుమారు 300 ఏళ్ళ కిందట అక్కడ వాగులకి అడ్డంగా కట్టలు కట్టేసరికి కొన్ని పైనే చిక్కుకుపోయాయి. ఏడాదంతా అక్కడే ఉండి పెద్ద పురుగులన్నీ తినేశాయి, మిగిలినవి సన్నవి, ఇంక నోరు చిన్నగా ఉండి ఆ దువ్వెన పళ్ళు దగ్గరగా ఉన్నవాటికే కడుపు నిండింది, వాటి పిల్లలే నిలిచాయి. వేర్వేరు చెరువుల్లో విడివిడిగా ఇదే జరిగింది. మన శ్రీకూర్మం గుడి వయసు ముందు 300 ఏళ్ళెంత?

అపోహ: "చేపకి తెలివుంటాది బాబూ, అదే అలవాటు పడిపోతాది."

నారాయణపురం ఆనకట్ట దగ్గర వలేసే ఒక పెద్దాయన అన్నారు. ఆయనకి ఏరు నాకంటే బాగా తెలుసు, కానీ ఇది మాత్రం ఒప్పుకోలేను. నిలవ నీళ్ళలో పెరిగిన చేప ఒళ్ళు కాస్త వేరేగా రావచ్చు, అంతమాత్రాన అది జన్యువుల్లో మార్పు కాదు. పరిణామంలో ఏ చేపకా చేప మారదు, సరిపడనివి పిల్లల్లేకుండా పోతాయి, సరిపడినవి మిగులుతాయి. అందుకే గుంపులో ముందునుంచే రకరకాలవి ఉండాలి, బాగా ఎక్కువుండాలి.

అపోహ: విషం నీళ్ళలో బతికిందంటే ఆ చేప గట్టిది, తినొచ్చు.

అస్సలు వద్దు. అమెరికాలో హడ్సన్ నదిలోకి 1947 నుంచి 1976 దాకా పీసీబీ అనే విష రసాయనం వదిలారు. టామ్‌కాడ్ అనే చేప ఒక జన్యువు రాతలో (డీఎన్ఏలో) ఆరు అక్షరాలు తగ్గిన రకంతో దాన్ని తట్టుకుందని 2011లో తేల్చారు. తట్టుకుందే గానీ విషం దాని ఒంట్లోనే ఉంది, తిన్నవాళ్ళకి వస్తుంది.

అపోహ: సీడ్ (పెంచిన చేపపిల్లలు) వదిలేస్తే ఏరు మళ్ళీ నిండిపోతుంది.

చెరువులకైతే హేచరీ (చేపపిల్లల్ని పొదిగించి పెంచే చోటు) సీడ్ మంచిదే. ఏటి సంగతి వేరు, తొట్టెలో బాగా పెరిగే చేప వరద నీటిలో నెగ్గుకురాలేదు. అమెరికాలోనే స్టీల్‌హెడ్ చేపల్ని లెక్కగట్టి చూస్తే, హేచరీలో పెంచిన ఒక్కో తరానికి బయట నదిలో పిల్లల్ని పెట్టే శక్తి సుమారు 40 శాతం పడిపోయింది.

ఇంకోటి, మలుగుపాము అనే పాములాంటి చేప గురించి ఎవరూ అడగరు. ఏల్‌వైఫ్ చెరువులోనే గుడ్లు పెట్టగలదు కాబట్టి కట్ట వెనక బతికిపోయింది. మలుగు ఏట్లో పెరుగుతుంది, గుడ్లు మాత్రం సముద్రంలోనే పెట్టాలి, ఆ పిల్లలు మళ్ళీ ఏరెక్కాలి. గొట్టా బ్యారేజీ లాంటిది దారికి అడ్డొచ్చి పిల్లలు ఎక్కలేకపోతే పైన కొత్త తరమే ఉండదు, ఇంక మారడానికి ఎవరున్నారు?