పైథాన్ మాడ్యూల్ వేరియబుల్: అడిగినప్పుడే లెక్కించడం ఎందుకు కష్టమైంది

పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో మాడ్యూల్‌ను, అంటే ఒక కోడ్ ఫైలును, ఇంపోర్ట్ చేయడమంటే అందులోని వరుసలన్నిటినీ పైనుంచి కిందికి ఒకసారి నడపడమే. ఏ ఫంక్షన్‌లోనూ లేకుండా ‘పట్టిక = ఫైలు_చదువు()’ అనే ఒక్క వరుస అక్కడ ఉంటే చాలు, ఆ పట్టికతో ఏ పనీ లేక, కేవలం సహాయ సందేశం చూద్దామని ప్రోగ్రామును నడిపినవారు కూడా ఫైలు చదవడం పూర్తయ్యేదాకా ఆగాల్సిందే. ఫైలు లేకపోతే ఆ సందేశం కూడా దక్కదు.

క్లాసుల్లో, అంటే ఆబ్జెక్టులను తయారుచేసే నమూనాల్లో, ఈ చిక్కును ప్రాపర్టీ ఏనాడో తీర్చింది: పేరు అడిగినప్పుడే అది ఒక ఫంక్షన్‌ను నడిపి విలువ ఇస్తుంది. అయితే ప్రాపర్టీ పనిచేయాలంటే అది క్లాసులో ఉండాలి. మాడ్యూల్‌లోని పేర్లేమో ఆ మాడ్యూల్ సొంత డిక్షనరీలో, అంటే పేర్లూ వాటి విలువలూ ఉండే పట్టీలో, ఉంటాయి. అందుకే కొందరు, ఇంపోర్ట్ అయిన మాడ్యూళ్లను పైథాన్ నమోదు చేసుకునే సిస్ మాడ్యూల్స్ పట్టీలో తమ మాడ్యూల్‌ను తీసేసి, ఆ స్థానంలో సొంత క్లాసు ఆబ్జెక్టును కూర్చోబెట్టేవారు. 2015లో వచ్చిన 3.5 వెర్షన్ మాడ్యూల్ క్లాసునే మార్చుకోనిచ్చింది.

2017లో రెండు పెప్‌లు, అంటే పైథాన్‌లో మార్పు కోరే ప్రతిపాదనలు, పోటీపడ్డాయి. మాడ్యూల్‌లోనే ప్రాపర్టీ రాసుకునేలా లారీ హేస్టింగ్స్ తెచ్చిన పెప్ 549 తిరస్కరణకు గురికాగా, ఇవాన్ లెవ్కివ్‌స్కీ రాసిన పెప్ 562 నెగ్గి, 2018 జూన్‌లో 3.7తో అమల్లోకి వచ్చింది. దీని ప్రకారం, అడిగిన పేరు డిక్షనరీలో దొరకనప్పుడే మాడ్యూల్‌లో రాసిన గెట్‌ఆటర్ ఫంక్షన్ నడుస్తుంది. అది విలువను లెక్కించి డిక్షనరీలో దాచిపెడితే, రెండోసారి నుంచి ఆ ఖర్చు ఉండదు. ఇంత చిన్న మార్పుతో ఇంత వెసులుబాటు రావడం నిజంగా మెచ్చదగినది.

కానీ ఆ వెసులుబాటు బయటివారికే. అదే మాడ్యూల్‌లోని ఒక ఫంక్షన్ ముందుగా ‘పట్టిక’ అని చదివితే ఆ పేరు లేదంటూ నేమ్‌ఎర్రర్ వస్తుంది, ఎందుకంటే గ్లోబల్ పేర్ల వెతుకులాట నేరుగా డిక్షనరీకి, అక్కడినుంచి పైథాన్‌తోనే వచ్చే బిల్టిన్లకు వెళుతుందే తప్ప గెట్‌ఆటర్ జోలికి పోదు. ఇది పొరపాటు కాదు: అలా పోనిస్తే ప్రింట్ వంటి ప్రతి బిల్టిన్ పేరుకూ ముందు ఆ ఫంక్షన్ నడిచి వేగం బాగా పడిపోతుంది. కాబట్టి లోపలివారు విలువను ఒక ఫంక్షన్‌లో పెట్టి, ఫలితాన్ని గుర్తుంచుకునే ఫంక్‌టూల్స్ క్యాష్ తగిలించి, బ్రాకెట్లతో పిలుచుకుంటున్నారు.

ఇంపోర్టుల విషయంలో మాత్రం కథ ముందుకు సాగింది. లేజీ ఇంపోర్టులు, అంటే పేరు వాడినప్పుడే మాడ్యూల్‌ను తెచ్చే ఇంపోర్టులు, కోరిన పెప్ 690ను 2022లో తోసిపుచ్చినా, ఇంపోర్ట్ ముందు ‘లేజీ’ అని స్పష్టంగా రాయమనే పెప్ 810ను 2025 నవంబరులో 3.15 కోసం ఆమోదించారు. ఇందులో మాడ్యూల్ లోపలి నుంచి పేరు చదివినా, కోడ్‌ను నడిపే ఇంటర్‌ప్రెటరే అసలు మాడ్యూల్‌ను తెచ్చిపెడుతుంది. మన ‘పట్టిక’ లాంటి మామూలు విలువలకు ఆ సదుపాయం వర్తించదు.