8 రూపాయలా, 12 రూపాయలా: గుజ్జు ఫ్యాక్టరీ లెక్క వెనక కథ

2025 తోతాపురి సీజన్‌లో చిత్తూరు జిల్లా గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందు మామిడి ట్రాక్టర్లు బారులు తీరాయి. కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు ఇవ్వాలి, ప్రభుత్వం 4 కలుపుతుంది అన్నది ఆ ఏటి ఏర్పాటు. రైతుకు అది ధర గొడవ. ఆర్థికవేత్తలకు మాత్రం అందులో పాత చిక్కుముడి ఒకటుంది. కాయ, కూలీ, మిషన్లను ఫ్యాక్టరీ సరైన పాళ్లలో వాడుతోందో లేదో తేల్చాలంటే కాయకు ఏ ధర కట్టాలి?

ఈ లెక్క 1957లో మైకేల్ ఫారెల్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త రాసిన వ్యాసంతో గాడిన పడింది. ఆయన సామర్థ్యాన్ని రెండుగా విడదీశాడు. అదే టన్ను కాయకు పక్క ఫ్యాక్టరీకి వచ్చినంత గుజ్జు మనకు రాలేదంటే, కండ టెంకకు అంటుకుని చెత్తలోకి పోతోందన్నమాట. అది సాంకేతిక లోపం. గుజ్జు బాగానే వస్తోంది, కానీ కూలీలు చవకగా దొరికేచోట అప్పు చేసి పెద్ద మిషన్ దింపారనుకోండి. అది పాళ్ల లోపం. ఈ లోపం లేకపోవడాన్నే తర్వాతివాళ్లు కేటాయింపు సామర్థ్యం అన్నారు. ఈ రెండో కొలత మీద ఫారెల్‌కే పెద్ద నమ్మకం లేదు. ధరల అంచనా కాస్త తప్పినా ఫలితం తారుమారవుతుందని ఆయనే హెచ్చరించాడు.

1977, 1978లలో గణాంక పద్ధతి ఒకటి, లీనియర్ ప్రోగ్రామింగ్ (ఉన్న పరిమితుల్లో అత్యుత్తమ ఫలితాన్ని వెతికే గణితం) పద్ధతి ఒకటి వచ్చి కొలవడం సులువైంది. 2009లో షే, క్లెనో అనే ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్కను ఒక్కో ఫ్యాక్టరీ నుంచి దేశం మొత్తానికి పెంచారు. పెట్టుబడి, శ్రమ అమెరికాలో మాదిరి సంస్థల మధ్య సర్దుకుంటే భారత తయారీరంగ ఉత్పాదకత 40 నుంచి 60 శాతం పెరుగుతుందన్నారు. ఆ అంకె ఊరించేదే కానీ, సంస్థల మధ్య కనబడే తేడా అంతా తప్పుడు కేటాయింపేనా? సీజన్ అయ్యాక మూతపడే గుజ్జు ఫ్యాక్టరీ కాగితం మీద పెట్టుబడి దండగలా కనిపిస్తుంది. కాయే లేనప్పుడు ఏం ఆడించమంటారు?

ఇక ఆ 8, 12 సంగతి. యజమాని 8 లెక్కే వేసుకుంటాడు. కాయ అంత చవకైతే టెంకకు మిగిలిన కండ గీకించడానికి ఇంకో కూలీని పెట్టడం దండగ. 12 వేస్తే ఆ కూలీ గిట్టుబాటు కావచ్చు. మిగతా 4 కట్టింది ప్రభుత్వం కాబట్టి, అది ఆయన పుస్తకంలో ఎక్కడా కనబడదు.